నల్ల నువ్వుల దైగాకు

నేను ఒక ఇనుప బాణలిని. నా మీద జాలిపడదామని చదవడం మొదలుపెట్టిన వాళ్లెవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు రెండు చెవులు, జానెడున్నర నోరు, ఒళ్లంతా మసి. అందంగా ఉన్నానని ఎవరూ అనలేదు, అనిపించుకోవాలని నాకూ లేదు. కానీ నన్ను శని అన్నారు. అది మాత్రం ఒప్పుకోను. ఒప్పుకోను కాబట్టే నోరు విప్పుతున్నాను.

నేను పుట్టింది వెంకటగిరి రోడ్డులో మస్తానాచారి కొలిమిలో. అంతకుముందు రైసుమిల్లు బాయిలరులో రేకుగా ఉండేదాన్ని. ఏళ్ల తరబడి ఆవిరి పట్టి ఆ బాయిలరు మూలపడితే ఆచారి దాన్ని ముక్కలుగా కొనుక్కొచ్చాడు. నన్ను ఎర్రగా కాల్చి, గుంట దిమ్మ మీద పెట్టి, సమ్మెటతో బాదాడు. ఒక పూటలో వంగుతాననుకున్నాడు. మూడు పూటలు పట్టింది. "రేకా ఇది, మొండిఘటం!" అని చెమట తుడుచుకుంటూ తిట్టాడు. పుడుతూనే నాకు దక్కిన బిరుదు అది. ఆ బిరుదు మీద నాకు ఇప్పటికీ ఫిర్యాదు లేదు.

నన్ను కొన్నవాడు చెంగయ్య. నాయుడుపేట బస్టాండు ఎదురుగా అతనికి బజ్జీల కొట్టు ఉండేది. పద్దెనిమిదేళ్లు అతని పొయ్యి దిగలేదు నేను. బస్సు దిగినవాడు దిగినట్టే సంచీ చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు. మిరపకాయ బజ్జీలు, అరటికాయ బజ్జీలు, వానపడితే పకోడీలు. నా నూనెలోంచే చెంగయ్య ఇంటికి పై అంతస్తు లేచింది, అతని పెద్దకూతురి పెళ్లి లేచింది, చిన్నకొడుకు ఇంజినీరింగు లేచింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా "ఇదంతా ఈ బాణలి చలవ" అని అతని నోట రాలేదు. రాకపోతే పోనీ, నేను పొగడ్తకి వేగేదాన్ని కాదు.

తరువాత ఊరి బయట నుంచి బైపాస్ రోడ్డు పడింది. బస్సులు ఊళ్లోకి రావడం మానేశాయి. బజ్జీలు వేసినవి వేసినట్టే చల్లారిపోయేవి. చెంగయ్య దిగులుపడి జాతకం చూపించుకుంటే ఏలినాటి శని నడుస్తోందని తేలింది. ఊళ్లోకి బస్సులు రాకపోతే బస్టాండు ముందు కొట్టు నడవదని తెలుసుకోవడానికి జాతకం ఎందుకో నాకు అర్థం కాలేదు. కానీ పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు! బైపాస్ రోడ్డుని దానం చెయ్యలేడు. నన్ను చెయ్యగలడు.

శనిదానం అంటే తెలుసు కదా. ఇనుము, నల్ల నువ్వులు, నువ్వుల నూనె, నల్లగుడ్డ. ఇవన్నీ శని సొత్తని, ఇంకొకరికి ధారపోస్తే పీడ వాళ్లతో పోతుందని నమ్మకం. ఒక శనివారం పొద్దున చెంగయ్య నన్ను బూడిదతో రుద్ది రుద్ది తోమాడు. నా వీపు తోమడం అతనికి అదే మొదలు. ఏదో ముచ్చటపడ్డాడనుకుని నేనూ సంబరపడ్డాను. ఆ తరువాత నా కడుపు నిండా నల్ల నువ్వులు పోసి, నవగ్రహాల గుడికి తీసుకెళ్లి, మొహం పక్కకి తిప్పుకుని ఒక పెద్దాయన చేతుల్లో పెట్టాడు. పద్దెనిమిదేళ్లు చెయ్యి పట్టుకుని తిప్పినవాడు చివరిసారి చూడనైనా చూడలేదు. మాట దాచడం దేనికి, నాకు ఒళ్లు మండిపోయింది.

దానం పట్టిన పెద్దాయనకీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు, ఆయనకీ భయమే. నన్ను పెరటి గోడ మీద బోర్లించి మళ్లీ స్నానం చేశాడు. నువ్వులు పిచ్చుకలు తినేశాయి. అవి నన్ను ఏ గ్రహమని అడగలేదు. రెండు వానలకి తుప్పు పట్టాను. చివరికి పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే తోపుడుబండి ఎక్కి, ఊరూరూ తిరుగుతూ సూళ్లూరుపేట చేరాను.

అక్కడ ఒక వీధిలో పెంచలమ్మ నన్ను చూసింది. నలభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నన్ను తిప్పి చూసి, వేలితో కొట్టి, మోత విన్నది. నా చెవి కింద బందు సందులో రెండు నల్ల నువ్వులు ఇరుక్కుని ఉన్నాయి. బండివాడు అబద్ధమాడే మనిషి కాదు.

"అది శనిదానంలో వచ్చిందమ్మా. నీకొద్దులే, వేరేది చూసుకో" అన్నాడు.

"నన్ను కూడా అదే పేరుతో పిలస్తారులే అయ్యా. ఇద్దరం ఒకింట్లో ఉంటే పిలిచేవోళ్లకి నోరు కలిసొస్తాది" అని నవ్వి, పాత ఇత్తడి చెంబు ఒకటి వాడికిచ్చి నన్ను చంకన పెట్టుకుంది.

ఆమెను శని అనడానికి కారణం ఆ వీధిలో అందరికీ తెలుసు. పెళ్లై అత్తవారింట అడుగుపెట్టిన నెలకి పాడిగేదె చచ్చింది. ఆరో నెలకి బోరు ఎండింది. ఏడాది తిరక్కుండా మొగుడు మద్రాసు వెళ్లి, అక్కడ ఇంకో సంసారం పెట్టుకుని, మళ్లీ రాలేదు. గేదెకి రోగం, బోరుకి నీళ్లు లేకపోవడం, మొగుడికి బుద్ధి లేకపోవడం. మూడింటికీ కలిపి ఈమె పాదం మంచిది కాదని తేల్చారు. వాడు వెళ్లింది వాడి కాళ్లతో, తప్పేమో ఈమె పాదానిదట! మనుషుల తీర్పులు నాకు అలవాటే కాబట్టి ఆశ్చర్యపోలేదు.

అయినా ఆ వీధిలో పెంచలమ్మ లేనిదే ఏ పెళ్లికీ అరిసెలు దిగవు. పాకం చూడటంలో ఆమెని మించినవాళ్లు లేరు. అయితే దానికొక పద్ధతి పెట్టారు. ఆమె పెరటి వైపు నుంచి రావాలి, పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబడాలి. "పాకం చూసిపెట్టు పెంచలమ్మా, చెయ్యి మాత్రం పెట్టబాక" అంటారు. శుభకార్యం కదా! నీళ్లలో వేసిన పాకాన్ని ఇంకొకరు వేళ్లతో తీసి చూస్తారు. ఈమె నిలబడిన చోటు నుంచే బుడగల సైజు చూసి, ఉడికే చప్పుడు విని, "ఇంక దించండి" అని చెప్తుంది. ఇరవై ఏళ్లుగా ముట్టుకోకుండానే చెప్పీ చెప్పీ ఆమె చెవి పాకానికి అంతగా అలవాటుపడింది. వాళ్ల అరిసెలు మెత్తగా వస్తాయి, ఈమె పెరటి దారినే ఇంటికి వస్తుంది.

ఆ ఇంట్లో నా తుప్పు వదిలింది. పచ్చిపులుసుకి పోపు, చేపల వేపుడు, ఎప్పుడన్నా కారప్పూస. ఒంటరి మనిషి వంట ఎంతని! కానీ ఆమె నన్ను దించాక గుడ్డతో తుడిచి, నూనె రాసి, పొయ్యి పక్కనే మేకుకి తగిలించేది. ఇంట్లో చోటు దొరికిందని నాకు తెలిసింది అప్పుడే.

ఆమె అక్క రమణమ్మ అదే ఊళ్లో ఉంటుంది. ఆ అక్క కూతురు సుప్రజ. తడ దగ్గర జపాను వాళ్ల ఫ్యాక్టరీలో కారు భాగాలు పరీక్షించే ఉద్యోగం. కంపెనీ వాళ్లు నాలుగు నెలలు శిక్షణకి జపాను పంపి తెచ్చారు. ఇప్పుడు కడుపుతో ఉంది, ఏడో నెల. ఒక ఆదివారం పొద్దున ఆయాసపడుతూ వచ్చి పీట మీద కూలబడి, "చిన్నమ్మా, నా సీమంతానికి నువ్వొకటి చేసిపెట్టాల. దైగాకు ఇమో" అంది.

"ఏమాకు మే అది? యాడ దొరుకుతాది?"

"ఆకు కాదు చిన్నమ్మా. దైగాకు అంటే ఆ భాషలో యూనివర్సిటీ. ఆ పిల్లలు ఎక్కువ తినేవాళ్లంట, అందుకని ఆ పేరు. ఇమో అంటే గడ్డ. గెనుసుగడ్డ ముక్కలు వేయించి పాకంలో దొర్లిస్తారు. మా హాస్టలు పక్కన ఒక ముసలామె చేసేది. చలికి వణుక్కుంటా తినేవాళ్లం. ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చినప్పుడల్లా అదే తిన్నా. నీ చేతి పాకంలాగే ఉండాది అనుకునేదాన్ని."

చివరి మాటకి పెంచలమ్మ లేచి కత్తిపీట తీసింది. చిలగడదుంపని ఇక్కడివాళ్లు గెనుసుగడ్డ అంటారు. శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టి తినడం తప్ప దాన్ని వేరే రకంగా చూసి ఎరగరు. కాబట్టి ఆమె మొదట చేసిన పని గెనుసుగడ్డల్ని ఉడకేసెయ్యడం. ఉడికినవాటిని నా నూనెలో వేస్తే ముక్కలు విడిపోయి నా అడుగున బొబ్బట్ల పూర్ణంలా తయారయ్యాయి. సుప్రజ ఫోను తీసి వీడియో చూపించింది. పచ్చి దుంపనే తొక్కతో కొయ్యాలి, తిప్పి తిప్పి ఏటవాలుగా కొయ్యాలి, కాసేపు నీళ్లలో వేసి గంజి వదిలించి, బాగా తుడిచి, సన్న సెగ మీద లోపలి దాకా వేగనిచ్చి, చివర్లో మంట పెంచాలి. అంత ఓపిగ్గా నాలో ఇంతకుముందు ఎవరూ ఏదీ వేయించలేదు. చెంగయ్యకి ఎప్పుడూ బస్సు వెళ్లిపోతుందన్న తొందరే.

రెండోసారి ముక్కలు కుదిరాయి, పాకం తిరగబడింది. వేరుశనగ ఉండలకి చూసిన అలవాటు కొద్దీ పెంచలమ్మ గట్టి పాకం దాకా రానిచ్చింది. ముక్కలన్నీ కలిసి నా కడుపులో ఒకే బండగా బిగుసుకున్నాయి. ఊడదీయబోతే నేనూ దాంతోపాటే పైకి లేచాను. చిన్నమ్మా కూతురూ గోడకి ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు కలిసి నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

మూడోసారి ఆమె బెల్లం వేసింది, ముసలామె వాడే సోయా రసానికి బదులు చిటికెడు ఉప్పు వేసింది, పాకం గడ్డకట్టకుండా నాలుగు చుక్కలు నిమ్మరసం పిండింది. పొయ్యికి రెండడుగుల దూరం జరిగి నిలబడి, చెవి ఒగ్గి వినసాగింది. సుప్రజ చూసింది.

"దూరంగా ఎందుకు నిలబడుండావు? ఇది నీ ఇల్లే కదా చిన్నమ్మా."

పెంచలమ్మ తన కాళ్ల వంక చూసుకుంది. తరువాత ముందుకొచ్చి, గరిటె మీది పాకం చుక్కని వేలితో తీసి, బొటనవేలితో కలిపి విడదీసింది. తీగ సాగింది, తెగింది. వేళ్లు కాలి ఉంటాయి, నోట్లో పెట్టుకుంది. ముక్కలు వేసి నాలుగు తిప్పులు తిప్పేసరికి ఒక్కొక్కటీ గాజుముక్కలా మెరిసింది. కొరికితే పైన కరకర, లోపల వెన్న.

"ఇదే" అంది సుప్రజ. "ఇంక పైన నల్ల నువ్వులు చల్లితే అచ్చం అదే."

పెంచలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నల్ల నువ్వులు తద్దినాలకి వాడతారు, తర్పణాలకి వాడతారు, నాలాంటివాటిని వదిలించుకోవడానికి వాడతారు. కడుపుతో ఉన్న పిల్ల తినే తీపి మీద ఎవరైనా చల్లుతారా?

"తెల్లవి వేద్దాంలే మే."

"ఆడ నల్లవే వేస్తారు. పండక్కి కూడా వేస్తారు. వాళ్లకి అవి నువ్వులే చిన్నమ్మా, ఇంకేం కాదు."

"నాకోసం కాదు మే భయం. రేపు నీ బిడ్డకి తుమ్మొచ్చినా నా పేరే చెప్తారు. గేదె, బోరు అన్నారు, పడినా. నీ బిడ్డ పేరుతో అంటే మాత్రం నేను బతకలేను." ఆమె పక్కకి తిరిగింది.

సుప్రజ లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "మా ఫ్యాక్టరీలో ఒక పార్టు పగిలితే, ఎందుకు పగిలిందని ఐదుసార్లు అడగాల. ఐదుసార్లు అడిగితేగానీ తప్పు యాడుందో కాగితం మీద రాయనీరు. ఇరవై ఏళ్లుగా నీ మీద రాసేసుండారే, ఒక్కసారన్నా ఎవరన్నా ఎందుకని అడిగినారా?"

ఆ మాటకి నా అంచు దాకా ఉడుకెక్కింది. పొయ్యి అప్పటికే ఆర్పేసి ఉంది.

సీమంతానికి రెండు రోజుల ముందు రమణమ్మ వచ్చింది. చెడ్డ మనిషి కాదు, చెల్లెలంటే ప్రేమే, కాకపోతే వియ్యపురాలు వసుంధరమ్మంటే అంతకు రెండింతలు భయం. కొత్త స్టీలు టిఫిను ఒకటి తెచ్చి ముందు పెట్టింది.

"పెంచలా, పిల్ల ఒకటే పట్టుపట్టుండాది. నువ్వు చేసి ఇందులో పెట్టియ్యి, నేనొచ్చి తీసకపోతా. తెల్ల నువ్వులే వెయ్యి. మద్రాసులో కొన్నామని చెప్పుకుంటాం. నువ్వు గాజుల పేరంటం అయినాక, భోజనాల టయానికి రా. ఏమనుకోబాక మే."

"ఏమనుకుంటాలే అక్కా" అంది పెంచలమ్మ.

రమణమ్మ వెళ్లాక ఆమె చాలాసేపు ఆ టిఫిను వంక చూస్తూ కూర్చుంది. నాకు మాటలొచ్చి ఉంటే అరిచేదాన్ని. ఊరంతా ఈమె చెవితో అరిసెలు తింటోంది, ఇప్పుడు ఈమె చేతివంట మద్రాసు కొట్టుది కాబోతోంది! మేకుకి వేలాడుతూ చూడటం తప్ప నేను చెయ్యగలిగింది లేదు. చివరికి ఆమె లేచి, టిఫినులో చింతపండు పోసి మూత పెట్టి, అటక మీద పెట్టేసింది. సంచీ తీసుకుని కోమటి కొట్టుకి వెళ్లి నల్ల నువ్వులు తెచ్చింది.

సీమంతం రోజు పొద్దున్నే పొయ్యి వెలిగించింది. ముక్కలు వేగాయి, పాకం కుదిరింది. నువ్వుల్ని ముందే దోరగా వేయించి పెట్టుకుంది. గుప్పెడు తీసి, నా మీద చెయ్యి చాచి, ఒక్క క్షణం ఆగింది. ఒకప్పుడు నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి పోసిన నువ్వులే అవి. ఆమె గుప్పెడు తెరిచింది. బెల్లం పాకం మీద అవి ఎంత బాగున్నాయో చెప్పలేను. నాకు ఎంత సంతోషమైందో మాత్రం చెప్పగలను.

వేరే గిన్నెలోకి తియ్యలేదు. నా చుట్టూ తువ్వాలు చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఫంక్షన్ హాలుకి వెనక వైపు వంటశాల మీదుగా ఒక దారి ఉంది. ఆటో అతను అలవాటుగా అటు తిప్పబోతే, "ముందరికే పోనియ్యి నాయనా" అంది.

గుమ్మంలోనే రమణమ్మ ఎదురైంది. ముఖం పాలిపోయింది. "భోజనాలకి కదా మే రమ్మనింది!"

"అందాకా ఉంటే పాకం మెత్తబడిపోతాది అక్కా. ఇప్పుడే తినాల" అంది పెంచలమ్మ, నడక ఆపకుండా.

లోపల కుర్చీల్లో పట్టుచీరల ఆడవాళ్లు. మధ్యలో సుప్రజ, ఆమె పక్కన అత్తగారు వసుంధరమ్మ, ముందు పళ్లెం నిండా పచ్చ గాజులు. మసి పట్టిన నన్ను ఆ పూలదండల మధ్య టేబులు మీద దించగానే మాటలు ఆగిపోయాయి. వసుంధరమ్మ నాలోకి వంగి చూసింది.

"ఇదేందమ్మా? పైన ఆ నల్లవి ఏంది?"

రమణమ్మ అందుకోబోయింది. "అది మద్రాసులో..."

"మద్రాసు కాదు" అంది పెంచలమ్మ. "గెనుసుగడ్డలు. మా ఇంట్లో, ఈ బాణల్లో, నా చేత్తో చేసినా. పాకం నేనే పట్టినా. పైన నల్ల నువ్వులే. పిల్ల అడిగింది, చేసినా. ఇష్టమైనోళ్లు తినండి, లేనోళ్లు మానుకోండి."

వెనక వరసలో ఇద్దరు లేచి మంచినీళ్లకని బయటికి వెళ్లారు, మళ్లీ రాలేదు. సుప్రజ ముందుకు వంగి, నా కడుపులోంచి పెద్ద ముక్క తీసి కొరికింది. ఆ కరకర హాలంతా వినపడింది. నమిలి మింగి, గాజుల పళ్లెం జరిపి, పెంచలమ్మ ముందుకి చెయ్యి చాచింది.

"చిన్నమ్మా, ముందు నువ్వు తొడుగు."

"దించేటప్పుడు చెయ్యంతా పాకం అంటుకునింది... కడుక్కోనీ మే."

"వద్దు. అట్నే తొడుగు."

సీమంతంలో ఆమె చేత గాజులు తొడిగించుకున్నవాళ్లు ఇరవై ఏళ్లలో ఒక్కరూ లేరు. పెంచలమ్మకి తొడగడం అలవాటు తప్పి మొదటి గాజు సుప్రజ మెటికల దగ్గర ఆగి, మళ్లీ తోస్తే ఎక్కింది. పాకం జిగురుకి తరువాతవి ఒకదానికొకటి అంటుకున్నాయి. పచ్చ గాజు మీద రెండు నల్ల నువ్వులు అతుక్కుని కూర్చున్నాయి. సుప్రజ వాటిని తుడవలేదు. వసుంధరమ్మ ఒక ముక్క తీసుకుంది, తినలేదు, కాగితంలో చుట్టి చేతిసంచీలో పెట్టుకుంది. తిన్నదో పారేసిందో నాకు తెలియదు. మిగతావాళ్లలో ఒకరిని చూసి ఒకరు తిన్నారు. మధ్యాహ్నానికి నాలో పాకం మరకలే మిగిలాయి. రమణమ్మ మాత్రం ఆ రోజు చెల్లెలితో మాట్లాడలేదు.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. తరువాత ఏమైంది, కాన్పు సుఖంగా జరిగిందా, బిడ్డ బాగుందా అని. ఆ హాల్లో కూర్చున్నవాళ్లందరూ సరిగ్గా ఆ కబురు కోసమే ఎదురుచూశారు. మంచి జరిగితే "చూశారా, ఆమె శని కాదు" అనడానికి కొందరు, చెడు జరిగితే "చెప్పలా!" అనడానికి కొందరు. నేను చెప్పను. బిడ్డ బాగుందని చెప్పి పెంచలమ్మని నిర్దోషిగా నిలబెట్టడం నాకు చేతకాక కాదు. అలా నిలబెడితే, కబురు ఇంకోలా వచ్చి ఉంటే తప్పు ఆమెదేనని మీరూ నేనూ ఒప్పుకున్నట్టవుతుంది. ఆ రోజు ఆమె దుంపలు వేయించింది, పాకం పట్టింది, నువ్వులు చల్లింది, గాజులు తొడిగింది. దుంపలు కరకరలాడాయి, పాకం కుదిరింది. అంతకుమించి ఆ చేతిని ఏమీ అడక్కండి.